మెలోడీ స్టేజీ మీద మునిగిపోని ఫజ్: యాంప్ మోడలర్‌లో కరుకు టోన్ ఎలా కుదుర్చుకోవాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు గిటార్ వాయించే తెలుగువాళ్లలో సొంత ట్యూబ్ యాంప్ ఉన్నవాళ్లు అరుదు. పెళ్లి రిసెప్షన్ అయినా, వినాయక చవితి పందిరి అయినా, బరంపురంలో ఠాకురాణి యాత్ర రోజుల్లో వేసే స్టేజీ అయినా గిటార్ కేబుల్ వెళ్లేది సౌండ్ వాళ్ల మిక్సర్‌లోకే. అందుకే యాంపు, క్యాబినెట్, మైకు, పెడల్స్ అన్నీ ఒక్క పెట్టెలో ఉండే మోడలర్ మనకు తప్పనిసరి అయింది.

క్లీన్ టోన్‌కీ, మామూలు డిస్టార్షన్‌కీ ఫ్యాక్టరీ ప్రీసెట్‌తో నెట్టుకురావచ్చు. ఫజ్ దగ్గర, అంటే సిగ్నల్‌ని బాగా చిదిమి గరగరలాడించే పెడల్ దగ్గర, అది కుదరదు. హెడ్‌ఫోన్స్‌లో ఒళ్లు జలదరించేలా వినిపించిన ఫజ్, స్టేజీ ఎక్కగానే రెండింట్లో ఒకటి అవుతుంది. కీబోర్డు, ఆక్టోప్యాడ్, ఢోలక్ కింద పడి వినబడకుండా పోతుంది, లేదా స్పీకర్ బాక్సు హారన్‌లోంచి కందిరీగల తుట్టెను కదిపినట్టు జుయ్యిమంటుంది. కరుకుదనమంతా ఫజ్ నాబ్‌లోనే ఉందనుకుని దాన్ని చివరిదాకా తిప్పేయడమే రెండింటికీ కారణం. నిజానికి ఫజ్‌లోకి ఏం వెళ్తోంది, ఫజ్ తర్వాత ఏముంది అన్న రెండు విషయాలే టోన్‌ని నిర్ణయిస్తాయి. జనం చెవికి దూకుడుగా తగిలేది మిడ్స్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలు. ఈ వరసలో ఫజ్ నాబ్ మీద చెయ్యి చాలా ఆలస్యంగా వేస్తాం.

మొదట ఏ ఫజ్ అన్నది తేల్చుకోండి

మోడలర్ మెనూలో పది ఫజ్‌లు కనబడతాయి. బొమ్మ చూసి ఎంచుకోవద్దు. అసలు పెడల్స్ మూడు నాలుగు కుటుంబాలే.

బజారులోకి వచ్చిన తొలి ఫజ్ పెడల్ 1962 నాటి మాస్ట్రో ఎఫ్‌జెడ్-1. అది సన్నగా, చిరిగిన గొంతుతో పలుకుతుంది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్ తెచ్చింది. అందులో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. మొదట్లో జర్మేనియం వాడి, తర్వాత సిలికాన్‌కి మారారు. జర్మేనియం రకం మెత్తగా ఉంటుంది, సిలికాన్ రకం కొరుకుతుంది. 1960ల చివర్లో ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ల బిగ్ మఫ్ వచ్చింది. నాలుగు ట్రాన్సిస్టర్ దశలు, వాటిలో రెండింట డయోడ్లతో క్లిప్పింగ్. నోటు ఎంతసేపైనా నిలుస్తుంది. అయితే దాని టోన్ సర్క్యూట్ 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుంట తవ్వుతుంది. గదిలో ఒక్కరే వాయించుకుంటే ఆ గుంట వల్లే గొప్పగా వినిపిస్తుంది, బ్యాండ్‌లో ఆ గుంట వల్లే మాయమవుతుంది. నాలుగోది ఆక్టేవ్ ఫజ్: వాయించిన నోటుకు పై స్థాయి నోటును కూడా పుట్టిస్తుంది. నెక్ పికప్ పెట్టి, గిటార్ టోన్ నాబ్ తగ్గించి, పన్నెండో ఫ్రెట్ పైన వాయిస్తేనే అది స్పష్టంగా పలుకుతుంది.

మోడలర్ కంపెనీలు అసలు పేర్లు పెట్టవు. లైన్ 6 హెలిక్స్‌లో ఆర్బిట్రేటర్ ఫజ్ అంటే ఫజ్ ఫేస్, ట్రయాంగిల్ ఫజ్ అంటే తొలి తరం బిగ్ మఫ్. మీ పెట్టె ఏదైనా, మాన్యువల్ చివర్లో ఈ పేర్ల పట్టిక ఉందేమో ముందు చూడండి.

రిఫ్‌లు, పవర్ కార్డ్స్ కోసం నా ఎంపిక సిలికాన్ ఫజ్ ఫేస్. సోలోకి మఫ్, కానీ మిడ్స్ మనమే తిరిగి పోసుకోవాలి. అసలు జర్మేనియం పెడల్ వాడేవాళ్లకు ఎండాకాలం పెద్ద సమస్య. వేడి పెరిగితే జర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ కరెంటు పెరుగుతుంది, బయాస్ జరిగిపోతుంది, సాయంత్రం సౌండ్ చెక్‌లో ఉన్న టోన్ రాత్రి ప్రోగ్రాంలో ఉండదు. మోడలర్‌కి మే నెల అయినా, డిసెంబర్ అయినా ఒకటే. మన ప్రాంతానికి ఇది చిన్న లాభం కాదు.

ఫజ్ ముందు ఏమీ పెట్టకండి

చెయిన్‌లో, అంటే సిగ్నల్ దాటే వరసలో, మొదటి బ్లాక్ ఫజ్ కావాలి. కంప్రెసర్, ఈక్యూ, బూస్ట్, వా అన్నీ దాని తర్వాతే. దీనికి గట్టి కారణం ఉంది.

మామూలు గిటార్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, 1 మెగా ఓమ్. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ సుమారు 10 కిలో ఓములు, కొన్నిట్లో ఇంకా తక్కువ. అంత తక్కువ ఇంపిడెన్స్ పికప్ మీద బరువు వేస్తుంది, పై ఫ్రీక్వెన్సీలు కుంగుతాయి, పికప్‌కి సహజంగా ఉండే కోసు మెరుపు చదునవుతుంది. ఫజ్ ఫేస్ గొంతు గరగరలాడుతూనే గుండ్రంగా ఉండడానికి సగం కారణం ఇదే. మధ్యలో బఫర్, అంటే పికప్‌ని తర్వాతి సర్క్యూట్ నుంచి విడదీసే దశ, వచ్చిందంటే ఈ బంధం తెగిపోతుంది. అప్పుడు ఫజ్‌లోకి కోసుగా ఉన్న సిగ్నల్ వెళ్తుంది, బయటికి రంపపు పొట్టు లాంటి చప్పుడు వస్తుంది.

హెలిక్స్, హెచ్‌ఎక్స్ స్టాంప్ వంటి వాటిలో ఇన్‌పుట్ ఇంపిడెన్స్ సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆటోలో ఉంచితే మొదటి బ్లాక్‌ని బట్టి అదే మారుతుంది. అందుకే ఫజ్‌కి ముందు ఇంకో బ్లాక్ పెడితే ఆటో దాన్ని చూసి లెక్క వేసుకుంటుంది, ఫజ్‌ని కాదు. మీ మోడలర్‌లో ఈ సెట్టింగ్ లేకపోతే గిటార్ టోన్ నాబ్‌ని 10 నుంచి 7కి దించండి. అప్పటికీ గీరుకుంటుంటే ఈ ఒక్క సందర్భంలో ఫజ్‌కి ముందు ఒక ఈక్యూ పెట్టి 4-5 కిలోహెర్ట్జ్ పైన కొయ్యండి. అసలుకు సమానం కాదు గానీ, చాలా దగ్గరకు వస్తుంది.

స్టేజీ మీద వైర్‌లెస్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మీ పికప్‌కి కనబడేది వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ ఇన్‌పుట్, మోడలర్ ఇన్‌పుట్ కాదు. అప్పుడు ఇంపిడెన్స్ సెట్టింగ్ ఎంత మార్చినా పికప్ మీద ప్రభావం ఉండదు. ఫజ్ ఎక్కువగా ఉన్న పాటలకైనా కేబుల్ పెట్టండి.

ల్యాప్‌టాప్‌లో వాయించేవాళ్లకు న్యూరల్ యాంప్ మోడలర్ ఉచితంగా దొరుకుతుంది. యాంపులకు అది అద్భుతం. ఫజ్ ఫేస్ రకం క్యాప్చర్ల (అసలు పెడల్ చప్పుడు రికార్డ్ చేసి తయారుచేసిన నకళ్ల) దగ్గర మాత్రం పైన చెప్పిన లోటే ఉంది: క్యాప్చర్ చేసేటప్పుడు పెడల్‌కి సాధారణంగా ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి సిగ్నల్ పంపుతారు, పికప్ నుంచి కాదు. అందువల్ల పికప్‌కీ పెడల్‌కీ మధ్య జరిగే లాగుడు అందులో రికార్డ్ కాదు. మఫ్ క్యాప్చర్లకు ఈ ఇబ్బంది తక్కువ. ఆడియో ఇంటర్‌ఫేస్ బఫర్‌ని 128 శాంపిల్స్‌కి పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో వైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే, చేతికి తెలియదు.

యాంప్ బ్లాక్

ఫజ్‌ని ఆఫ్ చేసి ముందు యాంపుని ఒక్కదాన్నే సరిచేయండి. గెయిన్ ఎక్కువ ఉన్న మెటల్ యాంపు వద్దు. ఫజ్ ఇప్పటికే తరంగాన్ని దాదాపు చదరం చేసేసింది. దాని మీద ఇంకో మూడు గెయిన్ దశలు పెడితే పిక్ తాకిడి చచ్చిపోయి, ఉత్త రొద మిగులుతుంది. మార్షల్ ప్లెక్సీ, హైవాట్, వాక్స్ ఏసీ30 మోడళ్లలో ఒకటి తీసుకోండి. గట్టిగా కొడితే కొంచెం చిరగాలి, మెత్తగా మీటితే శుభ్రంగా ఉండాలి. అక్కడ గెయిన్ ఆపేయండి.

మొదలుపెట్టడానికి ఈ అంకెలు: గెయిన్ 3 లేదా 4, బాస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 4 లేదా 5, ప్రెజెన్స్ 3. ఫెండర్ ట్విన్ రకం యాంపు తీసుకుంటే దాని మిడ్స్ పుట్టుకతోనే తక్కువ, మిడ్ నాబ్ ఇంకా పెంచాలి. మఫ్‌ని ట్విన్‌లోకి పంపితే గుంట మీద గుంట. స్టేజీకి అది నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇప్పుడు ఫజ్ ఆన్ చేయండి. ఫజ్ వాల్యూమ్, అంటే లెవెల్, పెంచుతూ పొండి. ఒకచోట యాంపు ముందుకు తోసుకొస్తుంది, నోటు లావవుతుంది. మీకు కావలసిన కసి అక్కడుంది. ఫజ్ నాబ్ మాత్రం 12 గంటల దగ్గరే (నడిమధ్య) ఉండనివ్వండి. లెవెల్‌తో వచ్చే దూకుడు వేరు, ఫజ్ నాబ్‌తో వచ్చేది వేరు. మొదటిది జనం దాకా వెళ్తుంది.

క్యాబ్, ఐఆర్ (క్యాబ్ చప్పుడు నకలు): సగం టోన్ ఇక్కడే

గిటార్ క్యాబినెట్‌లోని పన్నెండు అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక నిట్టనిలువుగా పడిపోతుంది. ఫజ్ పెడల్స్ పుట్టిందే అలాంటి స్పీకర్‌ని నమ్ముకుని. ఫజ్ పుట్టించే పై హార్మోనిక్స్ అన్నిటినీ ఆ కాగితపు కోన్ మింగేస్తుంది. టెంట్‌హౌస్ బాక్సు అలా కాదు. దాని హారన్ 15 కిలోహెర్ట్జ్ దాకా నిక్కచ్చిగా పలుకుతుంది. అందుకే క్యాబ్ బ్లాక్ ఆఫ్ చేసిన ఫజ్‌ని నేరుగా మిక్సర్‌కి పంపడమన్నది ఎప్పుడూ జరగకూడదు.

నాలుగు స్పీకర్ల 4x12 క్యాబ్, సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ రకం స్పీకర్ ఎంచుకోండి. వింటేజ్ 30 రకం స్పీకర్ పై మిడ్స్‌లో పొడుచుకొస్తుంది. ఆ పోటు ఫజ్ మీద పడితే చెవి నొప్పి. మైకు ఎస్ఎం57 మోడల్ చాలు. మైకుని కోన్ నడిబొడ్డున పెడితే కోసుగా ఉంటుంది, అంచువైపు కొద్దిగా జరపండి. ఆ ఒక్క కదలికతో వచ్చే తేడా ఈక్యూతో పది నిమిషాలు కుస్తీ పట్టినా రాదు.

తర్వాత కోతలు. లో కట్ 90 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, కాబట్టి ఈ కోత దాని అడుగుని కాస్త తాకుతుంది, అయినా అది బాస్ గిటార్‌కి, ఢోల్‌కి వదిలిపెట్టాల్సిన భాగమే. హై కట్ 5.5 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్‌లో మందంగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి, స్టేజీ మీద దాని విలువ తెలుస్తుంది.

మిడ్స్ వెతకడం

క్యాబ్ తర్వాత పారామెట్రిక్ ఈక్యూ ఒకటి పెట్టండి. ఒక బ్యాండ్ తీసుకుని, క్యూ (బ్యాండ్ వెడల్పు) 1 దగ్గర ఉంచి, 6 డెసిబెల్స్ పెంచండి. వెనకాల పాట ట్రాక్ ఒకటి పెట్టుకుని, ఒకే రిఫ్ తిప్పి తిప్పి వాయిస్తూ ఆ బ్యాండ్‌ని 400 హెర్ట్జ్ నుంచి 1.5 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా జరపండి. ట్రాక్ లేకుండా ఒంటరిగా వింటూ చేస్తే ఈ పనికి అర్థం లేదు. ఎక్కడో ఒకచోట గిటార్ మిగతా వాయిద్యాల ముందుకొచ్చి నిలబడుతుంది. అక్కడ ఆగి, 6ని 3 లేదా 4 డెసిబెల్స్‌కి దించండి. మఫ్ అయితే 800 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య దొరుకుతుంది, గుంటని పూడుస్తున్నాం కాబట్టి. ఫజ్ ఫేస్ అయితే ఇంకొంచెం కింద, 600 నుంచి 800 దగ్గర.

మన ప్రాంతపు పాటల్లో ఒక ప్రత్యేకత ఉంది. సంబల్‌పురి పాట వేస్తే ఢోల్, నిసాన్, తాషాలతో పాటు సన్నాయి లాంటి మహురి ఉంటుంది. తెలుగు పెళ్లి ఊరేగింపు పాటకి కీబోర్డులో సన్నాయి వస్తుంది. రెండూ ముక్కుతో పలికే గొంతులే, వాటి బలం 1 కిలోహెర్ట్జ్ పైన. ఫజ్‌ని కూడా అక్కడే పెంచితే రెండూ కొట్టుకుని రెండూ పాడవుతాయి. మహురి ఉన్న పాటలో మీ బూస్ట్‌ని 650 హెర్ట్జ్ దగ్గరకు దించి, 1.5 నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య రెండు డెసిబెల్స్ తగ్గించండి. గిటార్ కిందినుంచి ఎత్తి పడుతుంది, మహురి పైన తేలుతుంది. ఆ రెండు గొంతులూ అలా కలిసి వినబడితే ఎంత అందంగా ఉంటుందో ఒక్కసారి విన్నాక ఇంకోలా వాయించబుద్ధి కాదు.

250 హెర్ట్జ్ దగ్గర బురద పేరుకుంటే అక్కడ 2 డెసిబెల్స్ తీసేయండి. అంతే.

కార్డ్స్ ఎందుకు చితికిపోతాయి

ఫజ్‌లో పూర్తి మేజర్ కార్డ్ వాయిస్తే అన్నం ముద్దయినట్టు అయిపోతుందని అందరికీ తెలుసు. ఫజ్ రెండు నోట్లను కలిపితే వాటి తేడా ఫ్రీక్వెన్సీ కూడా పుడుతుంది. రూట్, ఫిఫ్త్ నిష్పత్తి 2:3. తేడా 1, అంటే రూట్‌కి కింది ఆక్టేవ్. అందుకే పవర్ కార్డ్ అంత లావుగా పలుకుతుంది. గిటార్ ట్యూనింగ్‌లో ఫిఫ్త్ కేవలం 2 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) తక్కువ, చెవికి తెలియదు. మేజర్ థర్డ్ మాత్రం దాదాపు 14 సెంట్లు ఎక్కువ. దాన్నుంచి పుట్టే తేడా నోట్లు శ్రుతి తప్పి వస్తాయి. నాబ్స్ ఎన్ని తిప్పినా ఇది పోదు.

కాబట్టి ఫజ్ ఆన్‌లో ఉన్నంతసేపు రెండు తీగల మీదే ఉండండి. థర్డ్ తప్పనిసరి అయితే కీబోర్డు వాయించేవాళ్లకి అప్పజెప్పండి. లేదా గిటార్ వాల్యూమ్‌ని 6కి దించండి. ఫజ్ ఫేస్ మోడల్ బాగుంటే గరగర పోయి గాజులా మెరిసే క్లీన్ వస్తుంది, కార్డ్ విడివిడిగా వినబడుతుంది. పాటలో పల్లవికి 6, ఇంటర్‌లూడ్‌లో 10. పెడల్ తొక్కే పనే లేదు. మఫ్‌తో ఇది కుదరదు, దానికి వేరే స్నాప్‌షాట్ (దాచుకున్న సెట్టింగ్) పెట్టుకోవాలి.

హమ్మూ, కరెంటూ

సింగిల్ కాయిల్ పికప్ ఉన్నవాళ్లకి ఫజ్‌తో పాటు 50 హెర్ట్జ్ హమ్, దాని రెట్టింపులు కూడా పెరుగుతాయి. ఇన్‌పుట్‌లో ఉన్న నాయిజ్ గేట్‌నే (వాయించనప్పుడు సిగ్నల్‌ని మూసేది) వాడండి, దాన్ని వేరే బ్లాక్‌గా ఫజ్ ముందు పెట్టకండి. థ్రెషోల్డ్‌ని, తీగలు మూసి పట్టుకున్నప్పుడు హమ్ ఆగే చోటికి మాత్రమే పెంచండి. ఇంకా పెంచితే సాగే నోటు తోక తెగిపోతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు కొత్త బరబర మొదలైతే గిటార్‌ని అనుమానించకండి. చవక ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు తరంగంలో హార్మోనిక్స్ చాలా ఉంటాయి, పికప్ వాటిని పట్టేస్తుంది. ఇన్వర్టర్‌కి దూరంగా జరగండి, నిలబడే దిక్కు మార్చి చూడండి. ల్యాప్‌టాప్ వాడుతుంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, గోల సగం తగ్గుతుంది.

సౌండ్ చెక్

చెవి వినికిడి చప్పుడు స్థాయిని బట్టి మారుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. మెల్లగా వింటే లో, హై తక్కువగా వినిపిస్తాయి. ఆ లోటు తీర్చడానికి ఇంట్లో వాటిని పెంచేస్తాం, స్టేజీ మీద గట్టిగా వినిపించగానే అవి మీద పడతాయి. అందుకే ప్యాచ్‌ని (మోడలర్‌లో దాచుకున్న టోన్‌ని) చివరిసారి సరిచేయడం పెద్ద బాక్సుల్లోనే జరగాలి. బ్యాండ్ రిహార్సల్ గదిలో ఒక బాక్సు దొరికినా చాలు. అవుట్‌పుట్ మోనోలో పెట్టండి. స్టీరియోలో వెడల్పుగా ఉన్న ఫజ్‌ని సౌండ్ వాళ్లు ఒకే వైపు కలిపేస్తే ఫేజ్ కొట్టుకుని పలచనైపోతుంది.

కేబుల్ పెట్టేముందు ఆ ఛానల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆఫ్‌లో ఉందో లేదో చూపించమనండి. తర్వాత ఒక్క మాట: "అన్నయ్యా, గిటార్ ఛానల్‌లో హై, మిడ్, లో అన్నీ మధ్యలో ఉంచండి. టోన్ నేను ఇక్కడ మారుస్తాను, మీరు వాల్యూమ్ చూసుకోండి చాలు." ఒడియా ఆయనైతే "భాయినా" అని పిలిచి ఇదే చెప్పండి. సౌండ్ దగ్గర కూర్చున్న మనిషితో ముందే ఇలా మాట్లాడుకున్న గిటారిస్ట్‌కి ఆ రాత్రి సగం కష్టాలుండవు.

లావు తీగ మీద పవర్ కార్డ్, పన్నెండో ఫ్రెట్ మీద ఒంటి నోటు, వాల్యూమ్ 6లో ఓపెన్ కార్డ్. ఈ మూడూ వాయిస్తుండగా మీ బ్యాండ్‌లో ఒకరిని జనం కూర్చునే చోటికి పంపి వినమనండి. స్టేజీ మీద మీకు వినిపించేది వాళ్లకి వినిపించదు. హారన్ గీరుతోందంటే ప్యాచ్‌ని ముట్టుకోకండి. చాలా మోడలర్లలో అన్ని ప్యాచ్‌లకూ కలిపి పనిచేసే గ్లోబల్ ఈక్యూ ఉంటుంది, అందులో హై కట్‌ని 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. గిటార్ వినబడట్లేదంటే వాల్యూమ్ అడిగేముందు అదే గ్లోబల్ ఈక్యూలో మిడ్ రెండు డెసిబెల్స్ పెంచి చూడండి. ఊరు మారితే గ్లోబల్ ఈక్యూ మళ్లీ సున్నాకి తెచ్చుకోవచ్చు, ప్యాచ్ చెక్కుచెదరదు.

ఫజ్ ఆన్, ఆఫ్ చేసినప్పుడు లెవెల్స్ సరిచూడండి. ఫజ్ ఒత్తిన సిగ్నల్ కాబట్టి మీటర్‌లో క్లీన్‌తో సమానంగా ఉన్నా చెవికి గట్టిగా ఉంటుంది. సోలోకి మాత్రం చెయిన్ చివర్లో 3 డెసిబెల్స్ బూస్ట్ ఒక స్విచ్ మీద వేసుకోండి. ఫజ్ తర్వాత, యాంపు తర్వాత. ముందు పెడితే చప్పుడు పెరగదు, ముద్దవడమే పెరుగుతుంది.